తొలి విత్తు: అర్బుద పరిశోధనమునకు ధనసాహాయ్యము



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పెద్దల నుద్దేశించి నాలుగు మాటలు చెప్పుటకు నాకు నేడు అవకాశము కలిగినది. నా ప్రసంగవిషయము క్యాన్సరు. అయితే ఆ వ్యాధిలక్షణములను వర్ణించి మిమ్ము భయపెట్టుట నా యుద్దేశము కాదు. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనని శ్రమించు విద్వాంసులను గుఱించియు, వారిలోను ఇంకను పేరు ప్రతిష్ఠలు రాని పిన్నవయస్కులను గుఱించియు, వారికి తొలినాళ్ళలో చేయూత నిచ్చు ధనమును గుఱించియు చెప్పదలచితిని. ఇది పట్టణములలోని పండితుల గొడవ, మన కేల యని మీలో కొంద ఱనుకొనవచ్చును. కాదని చూపుటకే యీ ప్రయత్నము.

వైద్యశాస్త్రగ్రంథములు అర్బుదమనియు, మన ముసలివారు రాచపుండనియు పలికిన వ్యాధిని నేడు పసివాడు సైతము క్యాన్సరనియే పిలుచుచున్నాడు. మన దేహము లెక్కకు మిక్కిలియైన సూక్ష్మకణములతో నిర్మితమైనది. ప్రతి కణమును తన వేళకు పుట్టి, తన పని చేసి, తన వేళకు నశించును. ఏ కారణముచేతనో ఒక కణము ఈ కట్టుబాటును మీఱి, ఆగక తనవంటి కణములను పుట్టించుచు, పొరుగు కణముల యాహారమును హరించుచు పోయినచో అదియే క్యాన్సరు. పైరులో కలుపు పెరిగినట్లే యిదియు. కలుపును పెఱుకబోయినచో పైరునకు దెబ్బ తగులును. పైరును కాపాడబోయినచో కలుపు మిగులును. కలుపును మాత్రమే చంపి పైరును విడిచిపెట్టు మందు కావలెను. అట్టి మందులకై ప్రపంచమంతటను వెదుకులాట జరుగుచున్నది.

ఈ వెదుకువా డెవడు? ఇరువదియైదేండ్లు చదివి, పట్టము పుచ్చుకొని, ముప్పదియేండ్ల ప్రాయమున ప్రయోగశాలలో నడుగుపెట్టిన యువకుడో యువతియో. ఆ వ్యక్తికి ఒక కొత్త యూహ తట్టును. దానిని పరీక్షించుటకు పాత్రలు కావలెను, రసాయనములు కావలెను, సహాయకుడు కావలెను, తాను తినుటకు తిండియు కావలెను. ధనమిచ్చు సంస్థకు అర్జీ వ్రాసికొనును. సంస్థవా రడుగుదురు: "నీ యూహ నిజమనుటకు ఫలితములేవి?" ఫలితము చూపనిదే ధనము లేదు, ధనము లేనిదే ఫలితము రాదు. తర్కశాస్త్రమున దీనినే అన్యోన్యాశ్రయదోషమందురు. పిల్లకు పెండ్లి కుదిరిననే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరిననే గాని పెండ్లి కుదరదు అను సామెత మీ రెఱుగనిది కాదు. పేరు పొందిన పెద్దవానికి ఈ చిక్కు లేదు; ఆయన వెనుకటి ఫలితములే ఆయనకు పూచీ. చిన్నవానికి పూచీ యెవరు?

ఈ చిక్కును విప్పుటకే కొన్ని క్యాన్సరు పరిశోధనాలయములు రెండు విధములైన సాహాయ్యములను ఏర్పఱచినవి. మొదటిది, కొత్తగా వచ్చిన శాస్త్రజ్ఞునికి కొన్నియేండ్లపాటు జీతమును ఖర్చును ఇచ్చి, అతనిని అతని పనికి విడిచిపెట్టుట. రెండవది, పెద్ద పరీక్షకు ముందు చిన్న పరీక్షకు ధనమిచ్చుట. ఈ రెండవదాని మర్మము మన గృహిణుల కెల్లరకు తెలిసినదే. కుండలోని యన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండను కుమ్మరింపరు. ఒక్క మెతుకు పట్టి చూతురు. స్థాలీపులాకన్యాయ మిదియే. రైతును అట్లే చేయును. కొత్త వరివంగడము వచ్చిన నాడు పదియెకరములు దానికే యొప్పగింపడు. ఒక మడిలో వేసి చూచును. మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు చిరపరిచితమైన సాంబమసూరి, అనగా 1986లో బాపట్లనుండి విడుదలయైన బి.పి.టి. 5204, మన పొలములకు రాకముందు పరిశోధనక్షేత్రపు చిన్నమళ్ళలోనే పరీక్షకు నిలిచినది.

ఇక దృష్టాంతము. దూరమేల? మన తెలుగువాని చరిత్రయే చాలును.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పేదకుటుంబము. తండ్రి అస్వస్థుడు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి మూడవమాఱు గట్టెక్కిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు ధరించిరి. అది తెల్లదొరయగు ఆచార్యునకు కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో నెగ్గియు, పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. వారికి దక్కలేదు, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. ప్రభుత్వోద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసులో నడుపుచుండిన ఆయుర్వేదకళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి. స్ప్రూ అను గ్రహణీరోగము వారి సోదరుని పొట్టనబెట్టుకొనెను. వారికిని సోకి, లక్ష్మీపతిగారి చికిత్సతో నయమయ్యెను. ఆ రోగములకు మూలమేమో తెలిసికొనవలెనను పట్టుదల అప్పుడే వారి మనస్సున నాటుకొనెను.

పెద్దలారా! ఈ యువకుని అర్జీ మీ చేతికి వచ్చినదనుకొనుడు. మెట్రిక్కు మూడవమాఱు, పట్టము తక్కువది, ఉద్యోగము లేదు, పేరుగాంచిన వ్యాస మొక్కటియు లేదు. అయినను అమెరికాకు పోయి పరిశోధనము చేసెదనని కోరుచున్నాడు. మీరు రూక యిత్తురా? ఎల్లరును కాదందురు. కాని యిద్ద ఱౌనన్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సాహాయ్యము చేసెదమని మాట యిచ్చెను. సుబ్బారావుగారి మామగారు మఱికొంత ధనము కూర్చిరి. సత్యలింగనాయకరుగారు కోరంగి ప్రాంతమున పుట్టి, రంగూనునకు పోయి, కష్టించి ధనికుడైన పుణ్యపురుషుడు. ఆయన తన యాస్తిని ధర్మమునకు వ్రాసిననాడు ఆ ధనము క్యాన్సరు మందునకు త్రోవ చూపునని ఆయన కల గనియుండడు. దాత విత్తును మాత్రమే యిచ్చును. చెట్టు రూపము దాతకు తెలియదు.

1920 దశకపు ఆరంభమున సుబ్బారావుగారు బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువసాగిరి. తెచ్చుకొన్న ధనము చాలక, ఆసుపత్రిలో రాత్రివేళ పక్కబట్టలు మార్చుట, మూత్రపాత్రలు కడుగుట వంటి పనులు చేసిరి. 1925లో ఫిస్కె యను ఆచార్యునితో గూడి రక్తములోను ధాతువులలోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియని వైద్యవిద్యార్థులు నేటికిని చదువుదురు. పిమ్మట కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గుఱించి వా రిరువురును చేసిన కృషి లోకప్రసిద్ధమైనది. అయినను హార్వర్డులో వారికి స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ యను మందుల ప్రయోగశాలకు చేరి, అచ్చట పరిశోధనమునకు నాయకులైరి.

ఇచ్చట ఒక చిన్న పరీక్షాప్రయోగపు కథను జోడింపవలెను. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లులలో పనిచేయు గర్భవతులకు వచ్చు రక్తహీనతను పరిశీలించి, పులిసిన ఈస్టుసారము వారికి మేలుచేయుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములో నేమున్నదో అప్పటి కెవ్వరికిని తెలియదు. పది సంవత్సరములకు ఆ గుణము కలిగిన పదార్థము ఆకుకూరలో దొరకెను. ఆకును లాటినుభాషలో ఫోలియమందురు గనుక దానికి ఫోలికామ్లమను పేరు వచ్చెను. సుబ్బారావుగారి బృందము ఆ పదార్థమును 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేయగలిగెను. తన యింటివారిని బాధించిన రోగమునకు మందు వెదకబోయిన వానికి ఆ మందు దొరకెను. అంతకు మించినది ముందున్నది.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరును చూచి చలించుచుండెను. ఆ రోగము సోకిన బిడ్డ కొన్ని వారములలోనో నెలలలోనో కన్ను మూసెడిది. చేయదగిన చికిత్స యేదియు లేకుండెను. ఫోలికామ్లము రక్తమును వృద్ధిచేయును గదా, దానివలన మేలు కలుగునేమో యని ఆయన కొందఱు పిల్లలకు దానివంటి పదార్థములను ఇచ్చి చూచెను. ఫలితము విపరీతమయ్యెను. రోగము తగ్గుటకు మాఱు మఱింత విజృంభించెను. సామాన్యుడైనచో అక్కడ ప్రయత్నము మానును. ఫార్బరు మాత్రము ఇట్లు తర్కించెను: ఈ పదార్థము రోగకణములకు ఆహారమైనచో, దానిని వానికి అందకుండ చేయగలిగినచో రోగకణములు మాడవలెను గదా! ఫోలికామ్లమువలె కనబడుచు, దాని స్థానము నాక్రమించి, దాని పనిని చెఱచు మారుపదార్థము కావలెను. పంటకాలువ తూమునకు అడ్డుపడిన మొద్దు వంటిది. అట్టి పదార్థములను సుబ్బారావుగారి ప్రయోగశాల తయారుచేసి పంపెను.

1948 జూనులో ఫార్బరు తన ఫలితములను ప్రకటించెను. మిక్కిలి జబ్బుతో నున్న పిల్లలు 16మంది. వారిలో పదిమందికి గుణము కనిపించెను. అది శాశ్వతముగాదు, కొన్ని నెలలకు రోగము తిరుగబెట్టెను. ఈ మాటను దాచుట సత్యమునకు ద్రోహము. కాని మందుచే పసిపిల్లల రక్తపు క్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని అదివఱకు ఎవరును చూపలేదు. పదునాఱుగురు పిల్లలు! ఎంత చిన్న మడి! ఆ మడిలో మొలచిన మొక్కయే నేడు మహావృక్షమైనది. సకల సదుపాయములు గల దేశములలో అదే రోగము సోకిన పిల్లలు నూటికి ఎనుబదిమందికి మించి నేడు బ్రదుకుచున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేటు అను మందు భాగము. అదియు సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టిన వంశములోనిదే. మీలో కీళ్ళవాతమునకు వారమున కొకమాఱు ఈ మందునే పుచ్చుకొనువారు ఉందురు. వారికొక మాట: వైద్యుడు వారమున కొకమాఱనిన మందును పొరబాటుననైనను దినదినము మ్రింగరాదు, ప్రాణాపాయము.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఆ ఫలితము లచ్చయిన రెండు నెలలకే, నిద్రలో కన్ను మూసిరి. స్వదేశమునకు తిరిగి రాలేదు. ఇల్లాలిని మఱల చూడలేదు. 1995లో వారి శతజయంతికి భారతప్రభుత్వము తపాలాబిళ్ళ వెలువరించెను.

మఱియొక చిన్నవాని కథ. మిన్ చియు లీ యను చీనాదేశపు యువవైద్యుడు అమెరికా జాతీయక్యాన్సరు సంస్థలో పనిచేయుచు, 1956లో గర్భసంబంధమైన యొక క్యాన్సరునకు మెథోట్రెక్సేటునే యిచ్చెను. గడ్డ కనబడకుండ పోయినను, రోగిరక్తములో వ్యాధిసూచన మిగిలియున్నంత కాలము మందు మానరాదని పట్టుబట్టెను. పెద్దల కది దుస్సాహసముగ తోచెను. లీ యుద్యోగము పోయెను. కాలము గడచినకొలది, అతడు చికిత్స చేసినవారికి రోగము తిరుగబెట్టలేదనియు, ముందే ఆపినవారికి తిరుగబెట్టెననియు తేలెను. 1972లో లాస్కరు పురస్కారము అతనిని వరించెను. చిన్నవాని మాటలో నిజమున్నప్పుడు దానిని పరీక్షించుటకు తావీయని సంస్థ తన కన్నును తానే పొడుచుకొనుచున్నది.

ధన మెట్లు వచ్చెనో వినుడు. 1948 మే 22వ తేదీ రాత్రి అమెరికాలో రేడియో కార్యక్రమమున, ఫార్బరు చికిత్సలో నున్న పండ్రెండేండ్ల బాలునితో ముచ్చటించిరి. అసలు పేరు దాచి జిమ్మీ యని పిలిచిరి. తాను వలచిన బంతియాట జట్టువారు అతని మంచమువద్దకు వచ్చిరి. ఆ యాట చూచుటకు అతనికి టెలివిజను పెట్టె కొనిపెట్టుదము, ధనము పంపుడని శ్రోతలను వేడిరి. కోరినది ఇరువది వేల డాలర్లు. వచ్చినది రెండు లక్షలకు మించెను. పిల్లలు చిల్లర నాణెములు పంపిరి. ఆ నిధియే పెరిగి, ఫార్బరు పేరు మీద నేడు లోకప్రసిద్ధమైన క్యాన్సరు పరిశోధనాలయమునకు పునాదియయ్యెను. ఆ బాలుడు బ్రదికి పెద్దవాడై, అర్ధశతాబ్దమునకు 1998లో తన పేరు బయటపెట్టెను. చూచితిరా! రేడియోలో నొక మాట, చిల్లర నాణెములు, ఒక నిధి.

అది ధనికదేశపు ముచ్చట యనవద్దు. మన దేశమున మెహర్బాయి టాటా యను నామె 1931లో రక్తపు క్యాన్సరుతో మరణించెను. భర్త దొరాబ్జీ టాటా మఱుసటియేడే ఆమె పేర నొక ధర్మనిధిని నెలకొల్పెను. ఆ నిధి ప్రపంచమున ఏ దేశస్థుడైనను సరే, రక్తపు క్యాన్సరును గుఱించి పరిశోధనము చేయువానికి ధనమిచ్చుటకు ఏర్పడినది. భారతదేశపు యువశాస్త్రజ్ఞులకును వేతనము లిచ్చుచు వచ్చినది. ఆయన ధర్మసంస్థయే 1941లో బొంబాయిలో టాటా స్మారక వైద్యశాలను తెఱచెను. భార్యాశోకమును రాతికట్టడముతోడనే గాక విద్యావంతుల జీవనముతో గూడ చిరస్మరణీయము చేసిన దాత యాతడు.

మన హైదరాబాదులో 1955లో ఆరంభమై, మెహదీ నవాజ్ జంగుగారి పేర వెలసిన క్యాన్సరు ఆసుపత్రి మన జిల్లాల బీదలకు నేటికిని కొంగుబంగారము. 1977లో కణశాస్త్ర, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రము అక్కడనే నెలకొన్నది. భారతప్రభుత్వ జీవసాంకేతిక శాఖయు ఇంగ్లండులోని వెల్‌కం ట్రస్టును కలిసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్సు అను సంస్థ హైదరాబాదునుండియే పనిచేయుచు, కొత్తగా పట్టము పొందినవారికి సైతము కొన్నియేండ్ల వేతనమును పరిశోధనవ్యయమును ఇచ్చుచున్నది. 2019లో సూర్యాపేటలోనే ప్రభుత్వవైద్యకళాశాల తెఱవబడినది. అనగా, శాస్త్రజ్ఞుడు కాగోరు పిల్లవానికి త్రోవ మన గుమ్మము చెంతనే మొదలగుచున్నది.

ఇక మీరు వేయదగిన యాక్షేపణను నేనే వేసెదను. "ఊరిలో రోగికి హైదరాబాదు పోవుటకు బస్సుకూలి లేక యిల్లాలి పుస్తె కుదువబెట్టుచున్నాడు. అట్టియెడ పదియేండ్లకో యిరువదియేండ్లకో ఫలించు పరిశోధనమునకు ధనమా? ఆకలిగొన్నవానికి విత్తనములు చూపినట్లున్నది!" ఆక్షేపణ న్యాయమైనదే. రోగికి మొదట అన్నము, మందు, ప్రయాణవ్యయము. ఇందులో సందేహము లేదు. కాని మన తాతలు ఎంత కఱవులోనైనను విత్తనపుగాదెను మాత్రము తెఱవలేదు. గాదె ఖాళీయైనచో ఏటికేడు కఱవే గదా! 1947కు పూర్వము పసిపిల్లల రక్తపు క్యాన్సరునకు బస్సుకూలి యిచ్చినను, ఆసుపత్రి కట్టినను, ఇచ్చుటకు మందే లేదు. మందు లేని ఆసుపత్రి నీరు లేని చలివేంద్రము. ఆనాడెవరో విత్తనము దాచిపెట్టినందుననే నేడు మన బిడ్డలకు మందు కలదు. మనము దాచిన విత్తు మన మనుమలకు.

"కాలవిలంబమును సహించుట యెట్లు?" అందురేని, మిర్యాలగూడ కోదాడ రైతులకు నేను చెప్పనక్కఱలేదు. నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది 1955 డిసెంబరు 10వ తేదీ. కాలువలకు నీరు వదలినది 1967 ఆగస్టు 4వ తేదీ. పండ్రెండేండ్ల కాలము రాళ్ళు మోసినవారు ఒక్క గింజయు పండించుకొనలేదు. ఆ కాలమున "మీ రాళ్ళవలన ఏమి పండినది?" అని యడిగియున్నచో కూలిపని చేయు స్త్రీ యేమి బదులు చెప్పగలదు? నేడు ఎడమకాలువ క్రింద పచ్చని చేలే ఆమె బదులు.

ఇక రెండవ హెచ్చరిక. స్థాలీపులాకన్యాయమునకు ఒక హద్దు కలదు. ఒక్క మెతుకు ఉడికినచో కుండ యంతయు ఉడికినదని చెప్పవచ్చును. ఏలయన నిప్పొక్కటే, నీరొక్కటే. మనుష్యులు మెతుకులు కారు. పదుగురిలో పనిచేసిన మందు పదివేలమందిలో చేయకపోవచ్చును. కావున చిన్న పరీక్షను చూచి "క్యాన్సరునకు మందు దొరకినది" అని చాటువానిని నమ్మవద్దు. చిన్న పరీక్ష పెద్ద పరీక్షకు అనుమతిపత్రము మాత్రమే.

అంతకంటె ముఖ్యమైనది, మనుష్యుల యంగీకారము. మన పొరుగునున్న ఖమ్మము జిల్లాలో 2009లో, గర్భాశయముఖమునకు వచ్చు క్యాన్సరును నివారించు టీకాను బాలికలకు వేసి చూచు ప్రదర్శనకార్యక్రమము ప్రారంభమయ్యెను. వసతిగృహముల బాలికల విషయమున తలిదండ్రులకు మాఱు వార్డెనులు అంగీకారపత్రములపై సంతకము లుంచిరని పిమ్మట తేలినది. కొందఱు బాలికలు మరణింపగా, ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణలో పలికిరి. అయినను ప్రజల నమ్మకము చెదరినది. 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయినది. 2013లో పార్లమెంటు సంఘము ఆ పద్ధతిని తీవ్రముగ విమర్శించెను. ఆ టీకా మంచిదనియే ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడును చెప్పుచున్నది. మంచి వస్తువైనను తలిదండ్రుల నడుగక యిచ్చినచో ఎంత నష్టమో చూడుడు. విత్తు మంచిదే, దున్నక చల్లిరి.

కావున మీ గ్రామమునకు పరిశోధకు లెవరైన వచ్చి రక్తమో, కుటుంబవృత్తాంతమో, పరీక్షకు సమ్మతియో అడిగినచో, తరుమవద్దు. తలయూపి వేలిముద్రయును వేయవద్దు. కూర్చుండబెట్టి అడుగుడు. ఈ పరీక్ష యెవరి ధనముతో జరుగుచున్నది? దీనివలన మాకు కలుగు కీడేమి? కీడు కలిగినచో చికిత్సవ్యయ మెవరిది? నడుమ మానుకొన్నచో మా వైద్యము ఆగునా? నీతిసంఘపు అనుమతిపత్రమేది? ఫలితము మాకు మా భాషలో తెలుపుదురా? ఈ ప్రశ్నలకు శాంతముగ, తెలుగున బదులు చెప్పువాడు నిజమైన శాస్త్రజ్ఞుడు. విసుగుకొనువానిని సాగనంపుడు.

చివరగ, మన మేమి చేయగలము? కోట్లు మన యొద్ద లేవు. కాని మన యూళ్ళలో ఏటేట క్యాన్సరుతో పోయినవారి పేర అన్నదానములు జరుగుచున్నవి, విగ్రహములు లేచుచున్నవి. అవి వలదనను. వానితోపాటు, నాలుగైదు గ్రామములు కలిసి ఒక చిన్న విద్యానిధిని ఏర్పఱచుకొనవచ్చును. జీవశాస్త్రమో రసాయనశాస్త్రమో చదివి పరిశోధనమునకు పోగోరు ఒక్క బీదవిద్యార్థికి, ఒక్కరికే, మూడేండ్లపాటు నెలనెల సాయపడుదము. నిబంధనలు కాగితము మీద నుండవలెను. ఎన్నిక ప్రజ్ఞను చూచి చేయవలెను. కులమును, చుట్టఱికమును, పార్టీని చూడరాదు. ఎన్నుకొనువారిలో ఆ శాస్త్రము తెలిసిన యధ్యాపకు డొకడైన నుండవలెను. ఆడపిల్ల యనియో, మెట్రిక్కులో ఒకమాఱు తప్పెననియో త్రోసివేయరాదు. సుబ్బారావుగారిని జ్ఞాపక ముంచుకొనవలెను. లెక్కలు ఏటికొకమాఱు గ్రామసభలో చదువవలెను. ముఖ్యముగా, "మా ధనమునకు నీవేమి కనుగొంటివి?" అని మొదటియేడే నిలదీయరాదు. నాటిన మొక్కను దినదినము పెఱికి వేళ్ళు చూచువాని తోట బాగుపడదు. శ్రద్ధగ పనిచేసెనా, నిజము వ్రాసెనా, లెక్క సరిగ చూపెనా, ఇవి మాత్రమే అడుగవలెను. ఫలింపని ప్రయోగమును దాచక చెప్పినవాడు కూడ మనకు మేలు చేసినవాడే. ఫార్బరు తొలిప్రయోగము ఫలింపలేదు గదా!

నేను నలుబదియేండ్లకు దగ్గరగ పలకలు బలపములు పట్టిన పిల్లలను చూచినవాడను. వారిలో ఎవడు ఏమగునో ముందుగ చెప్పగల శాస్త్రము నాకు దొరకలేదు. మొదటి బల్లమీద కూర్చున్నవాడు మొదటివా డగుననుట భ్రమ. నారుమడిలో అన్ని మొక్కలును ఒకటే పచ్చన. ఏది కంకి వేయునో తెలియదు. అందుచేతనే రైతు మడియంతటికిని నీరు పెట్టును. ఆ నీరు పెట్టు ధర్మమే పెద్దలది.

మిర్యాలగూడలోనో, కోదాడలోనో, సూర్యాపేటలోనో నేడు ఏ గుడిసెలో ఏ బిడ్డ దీపము ముందు కూర్చుండి చదువుచున్నదో ఎవ్వరి కెఱుక! ఆ బిడ్డ చేతిలో రేపటి మందు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉండవచ్చుననుట చాలదా, మన మొక విత్తు వేయుటకు? ఆలోచించి, మీ గ్రామసభలలో చర్చించి, తోచినది చేయుడని కోరుచున్నాను.